పునరుత్థానుడా, పునరుత్థితుడా?

ప్రశ్న: ఈస్టర్‌కు మా చర్చి ముందు కట్టిన ఫ్లెక్సీ మీద 'పునరుత్థానుడైన యేసు' అని వేయించారు. 'పునరుత్థితుడు' అనాలని మా తెలుగు మాస్టారి పట్టు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాస్టారి వాదనలో బలముంది. ఉత్థానం లేవడం, ఉత్థితుడు లేచినవాడు. పని పేరు తెచ్చి మనిషికి తగిలిస్తారేమిటని ఆయన బాధ. అయితే తెలుగు బైబిల్లో, రోమా పత్రిక అనే లేఖ మొదట్లోనే, 'మృతులలోనుండి పునరుత్థానుడైనందున' అని ఉంది. 'మళ్లీ లేవడం ఎవరికి కలదో అతడు' అని బహువ్రీహి చెప్పుకుంటే అదీ నిలబడుతుంది. నేనైతే వ్యాసంలో పునరుత్థితుడనే రాస్తాను. ప్రార్థనలో నలిగిన మాటను దిద్దబోను.

నాకు ముచ్చటైనది ఇందులోని 'స్థా' ధాతువు. ప్రస్థానం, సంస్థానాల్లో దాని సకారం భద్రంగా ఉంటుంది. ముందు 'ఉత్' చేరిందా, పాణిని ఊరుకోడు, సకారం ఎగిరిపోతుంది. విశ్వామిత్రుడు రాముణ్ణి లేపిన 'ఉత్తిష్ఠ'లో ఉన్నది ఈ ధాతువే. కార్తీకంలో విష్ణువు యోగనిద్ర చాలించే ఉత్థాన ఏకాదశిలోనూ ఇదే. కొత్త నిబంధన గ్రీకులో దీనికున్న మాట 'అనాస్టాసిస్'. 'అనా' అంటే పైకి, 'స్టాసిస్' అంటే నిలవడం. మన 'స్థా'కు అది స్వయానా దాయాది! పునరుత్థానమని తెలుగు చేసిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి. పడుకోబెట్టిన దేహం కాళ్ల మీద నిలబడడం ఆ మాటలో కనిపిస్తుంది. క్రైస్తవుల నమ్మకమూ అదే కదా, లేచింది ఒట్టి ఆత్మ కాదు, ఒళ్లు. లూకా సువార్త చివర శిష్యులు భూతమనుకుని హడలిపోతే, ఆయన చేతులూ పాదాలూ చూపించాడు. అప్పటికీ నమ్మకపోతే, తినడానికేమైనా ఉందా అని అడిగి, వాళ్లిచ్చిన కాల్చిన చేప ముక్క వాళ్లెదుటే తిన్నాడు. ఆ ఒళ్లు కూడా మునుపటి లాంటిది కాదని, 'ఆత్మసంబంధ శరీరము'గా లేస్తుందని కొరింథీయులకు పౌలు రాశాడు.

ఇదంతా పట్టకుండా 'క్రీస్తు పునర్జన్మ' అని రాసేవాళ్లున్నారు. పునర్జన్మలో ఒళ్లే మారిపోతుంది నాయనా! 'తిరిగి పునరుత్థానం' ఇంకో విడ్డూరం, 'పునః' ఉండగా మళ్లీ 'తిరిగి' ఎందుకు? 'పునరుద్ధానం' అన్న మాట అసలు లేనే లేదు. పాత గుడికి చేసేది పునరుద్ధరణ.

చనిపోయాక యేసు లేపిన లాజరు సంగతి వేరు. నాలుగు రోజుల తర్వాత ప్రేతవస్త్రాలతోనే సమాధిలోంచి బయటికొచ్చినా, అతనికి మళ్లీ చావు తప్పలేదనే వ్యాఖ్యాతలంటారు. దానికి పునరుజ్జీవం అంటే సరిపోతుంది.