రైతు సందేహాలు – నిపుణుల సలహాలు: నేపియర్ మడికి యూరియా, బీడుకు స్టైలో

సందేహం: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం మండలం. బోరు కింద ఎకరా సూపర్ నేపియర్, దాని పక్కనే మూడెకరాల ఎర్ర నేల బీడు ఉన్నాయి. నాలుగు సంకర జాతి ఆవులను, 40 గొర్రెలను మేపుతున్నాను. నేపియర్‌కు ప్రతి కోత తర్వాత రెండు బస్తాల యూరియా చల్లి నీరు పారిస్తున్నాను. మొదటి ఏడాది కోతకు 12 టన్నుల వరకు వచ్చిన గడ్డి ఇప్పుడు 8 టన్నులు దాటడం లేదు. లేత ఆకులు పసుపు బారుతున్నాయి. పశువుల ఎరువును చీనీ (బత్తాయి) తోటల వారికి ట్రాలీల లెక్కన అమ్ముతున్నాను. బీడులో రెండేళ్ల కిందట చల్లిన స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) కనిపించకుండా పోయింది. తొలకరికి బీడులో కూడా యూరియా చల్లవచ్చా? యూరియా ఎక్కువ వేసిన గడ్డి ఆవులకు మంచిది కాదని పక్క రైతు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: మీ ప్రశ్నలన్నీ యూరియా చుట్టూ ఉన్నా, మీరు మాటవరసకు చెప్పిన ఎరువు అమ్మకమే నాకు ముందుగా కంటబడింది. దాని సంగతికి వచ్చే ముందు నేపియర్ మడి లెక్క చూద్దాం.

పచ్చి నేపియర్‌లో ఎండు పదార్థం సుమారు ఐదో వంతు ఉంటుంది. 8 టన్నుల కోత అంటే 1,600 కిలోల ఎండు మేత. అందులో నత్రజని ఒకటిన్నర శాతం అనుకుంటే, ఒక్కో కోతతో మీ మడి నుంచి బయటికి వెళ్లే నత్రజని 24 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు, రెండు బస్తాలతో మీరు 41 కిలోలకు పైగా వేస్తున్నారు. పైరు తీసుకున్నదానికి మించి కోతకు 17 కిలోలు పోసినా దిగుబడి పడిపోతోందంటే, కొరత నత్రజనిలో లేదని, వేసిన నత్రజనిలో కొంత నేలలో నిలవడం లేదని అర్థం చేసుకోవాలి. యూరియాను నేల పైన చల్లి వదిలితే, ముఖ్యంగా ఎండాకాలంలోనూ క్షార స్వభావం ఉన్న నేలల్లోనూ, అది అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. మిగిలినది నైట్రేట్ రూపంలోకి మారాక, నీరు ఎక్కువగా పారించినప్పుడు మన గరుసు ఎర్ర నేలల్లో వేరుకు అందకుండా కిందికి దిగిపోతుంది. అలా దిగిన నైట్రేట్ చివరికి చేరేది బోరు నీటిలోకే. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న నీటితో ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి ఇస్తే, ఆ ఒక్క తడితోనే సుమారు 2 కిలోల నత్రజని మడికి అందుతుంది. దానిని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక పసుపు రంగు విషయం. నత్రజని చాలకపోతే పైరు ముదురు ఆకుల్లోని నత్రజనిని లేత ఆకులకు తరలించుకుంటుంది కాబట్టి, పసుపు రంగు అడుగు ఆకుల కొనల నుంచి మొదలవుతుంది. మీకు లేత ఆకులే పసుపు బారుతున్నాయి. వాటిలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పాలిపోతే అది ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో, ఉప్పు నీటి బోర్ల కింద ఇది మీ ప్రాంతంలో వేరుశనగ రైతులందరికీ తెలిసినదే. ఈనెలతో సహా ఆకు మొత్తం పాలిపోతే గంధకం లోపాన్ని అనుమానించాలి. ఇనుప ధాతు లోపమైతే, కోత తర్వాత పిలకలు ఆకు వేసిన తొలి రోజుల్లో 200 లీటర్ల నీటికి కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం వేళ పది రోజుల వ్యవధితో రెండుసార్లు పిచికారీ చేయండి. అడుగు ఆకుల అంచులు మాడినట్లు కనిపిస్తే పొటాష్ కూడా తగ్గిందని అర్థం. ఒక్కో కోతతో 30 కిలోలకు తగ్గకుండా పొటాష్ వెళ్లిపోతున్న మడికి ఏళ్ల తరబడి యూరియా ఒక్కటే వేస్తూ పోతే ఈ పరిస్థితి రాకుండా ఉండదు.

ఎరువు అమ్మకం సంగతి ఇక్కడే వస్తుంది. ఆవు మేతతో తిన్న నత్రజనిలో పాలలోకి వెళ్లేది పావు వంతు లేదా అంతకు కాస్త ఎక్కువ. మిగిలినదంతా పేడ, మూత్రాల ద్వారా బయటికి వస్తుంది. పొటాష్ ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. ఒక్కో ఆవు రోజుకు పది లీటర్ల మూత్రం పోస్తుందనుకున్నా, మీ నాలుగు ఆవుల నుంచి రోజుకు 40 లీటర్లు వస్తుంది. అందులో నత్రజని 0.8 శాతం ఉందనుకుంటే ఏడాదికి 115 కిలోలకు పైగా, అంటే ఐదున్నర బస్తాల యూరియాతో సమానం. అది ప్రస్తుతం కొట్టం నేలలో ఇంకిపోతోందో, వీధి కాలువలోకి పోతోందో మీకే తెలియాలి. మడిలో పెరిగిన సారం ఎరువు రూపంలో చీనీ తోటకు చేరుతోంది. చీనీ తోట రైతు తెలివైన బేరమే చేశాడని చెప్పక తప్పదు. ట్రాలీకి వచ్చే డబ్బు మీకు అవసరమైతే కొంత అమ్ముకోండి, కానీ మడికి ఏడాదికి పది టన్నుల పశువుల ఎరువు మిగిల్చుకున్న తర్వాతే అమ్మండి. కొట్టానికి వాలు ఇచ్చి, చివర చిన్న తొట్టి కట్టించి, కడిగిన నీటితో సహా మూత్రాన్ని అందులో పట్టి, పారే నీటితో పాటు మడికి వదలండి. తొట్టిలో రోజుల తరబడి నిలవ ఉంచితే అందులోని నత్రజని ఘాటు వాసనగా గాలిలోకి పోతుంది కనుక రెండు మూడు రోజులకోసారి ఖాళీ చేయడం మంచిది.

ఇలా ఎరువు తిరిగి మడికి చేరుతున్నప్పుడు కోతకు 50 కిలోల యూరియా సరిపోతుంది. అందులో సగాన్ని కోసిన నాలుగైదు రోజులకు, కొత్త పిలకలు కనిపించగానే వేయండి. మిగిలిన సగాన్ని 20వ రోజు ప్రాంతంలో వేయండి. కోసిన రోజే వేస్తే తీసుకోవడానికి ఆకు లేని దుబ్బుకు అది పెద్దగా ఉపయోగపడదు. దుబ్బుల పక్కన చాలు తీసి, వేసి, మట్టి కప్పి, అదే రోజు పలుచని తడి ఇవ్వండి. భూసార పరీక్షలో పొటాష్ తక్కువని వస్తే దానిని కూడా చేర్చాలి. నమూనాను మీ రైతు సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు. ఫలితం అర్థం కాకపోతే రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానంలో గానీ రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించండి. లభ్య నత్రజని ఎకరాకు 112 కిలోల లోపు ఉంటే తక్కువ కింద లెక్క. మీ ప్రాంతపు ఎర్ర నేలల్లో చాలావరకు ఆ కోవకే చెందుతాయి కాబట్టి, ఆ అంకె చూసి కంగారుపడి మళ్లీ బస్తాలు పెంచవద్దు.

బీడులో యూరియా చల్లవద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో, అది కూడా విడతలు విడతలుగా వాన పడే చోట, తొలకరికి చల్లిన యూరియా తర్వాతి వాన కోసం ఎదురు చూస్తూనే సగం పోతుంది. పైగా ఎండిన నేల మీద మొదటి వాన పడగానే సూక్ష్మజీవులు చురుకై, నేలలోని సేంద్రియ పదార్థం నుంచి కొంత నత్రజనిని విడుదల చేస్తాయి. ఆ సమయంలో గడ్డికి కావలసింది తీరిక. మొలిచిన మొలకను మొలిచినట్టే గొర్రెలు కొరికేస్తే ఆ నత్రజనిని అందుకునే వేరంటూ ఉండదు. తొలకరి తర్వాత కనీసం ఆరు వారాలు బీడులోకి మందను తోలకండి. ఎండాకాలంలో బీడుకు నిప్పు పెట్టే అలవాటు ఉంటే మానేయండి. ఎండు గడ్డిలోని నత్రజని పొగతో పాటే పోతుంది.

స్టైలో పోవడానికి కారణం కూడా తొందరపడి మేపడమే అయి ఉండాలి. హమాటా రకం తన విత్తనం తానే రాల్చుకుని మళ్లీ మొలుస్తుంది. మొదటి ఏడాది విత్తనం రాలక ముందే మేపితే రెండో ఏడాదికి మొలిచేది ఏమీ ఉండదు. ఒకప్పుడు పెనుకొండ వైపు రైతులు అమ్మకానికే స్టైలో విత్తనం పండించారు కాబట్టి, ఈ నేలకు ఆ పైరు సరిపడదనే అనుమానం అక్కరలేదు. ఈసారి ఎకరాకు రెండు కిలోల విత్తనాన్ని, పొంగు రాని వేడి నీటిలో, సుమారు 80 డిగ్రీల వద్ద నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, ఆరబెట్టి చల్లండి. దాని పెంకు గట్టిది, ఇది చేయకుంటే చాలా గింజలు మొలవవు. విత్తే ముందు ఎకరాకు రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే భాస్వరంతో పాటు గంధకం కూడా అందుతుంది. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే వేరు బుడిపెలకు ఈ రెండూ అవసరం. తోడుగా అంజన్ గడ్డిని వరుసల్లో విత్తుకోవచ్చు. యాభై రోజులకు ఒక మొక్కను వేళ్లతో సహా తవ్వి బుడిపెను గోటితో చిదిమి చూడండి: లోపల ఎర్రగా ఉంటే నత్రజని తయారవుతున్నట్లు, బూడిద రంగులో ఉంటే పని జరగనట్లు. ఇలా పనిచేసే స్టైలో ప్రతి టన్ను ఎండు మేతకు సుమారు 20 కిలోల నత్రజనిని గాలి నుంచి తెచ్చుకుంటుంది. అదే బీడులో యూరియా చల్లితే బుడిపెలు పని మానుకుంటాయి, గడ్డి ఏపుగా పెరిగి స్టైలోను నీడలో అణచివేస్తుంది.

మీ మందను రాత్రిళ్లు ఒకే దొడ్డిలో కాకుండా, వేసవిలో బీడులో తడికలు కట్టి ఆపండి. రెండు మూడు రాత్రులకోసారి తడికలను జరుపుతూ పోతే, ఊళ్లో ఎరువు కోసం డబ్బులిచ్చి కట్టించుకునే మంద మీకు ఉచితంగా దొరుకుతుంది. విత్తబోయే భాగంలో మంద లేచిన వెంటనే గుంటకతో పైపైన కలియబెడితే మూత్రంలోని నత్రజని కొంతైనా నిలుస్తుంది.

పక్క రైతు చెప్పిన మాటలో నిజం ఉంది. యూరియా ఎక్కువై, ఎండ దెబ్బతోనో నీటి ఎద్దడితోనో ఎదుగుదల ఆగిన జొన్న, నేపియర్ వంటి మేతల్లో నైట్రేట్ పేరుకుంటుంది, ముఖ్యంగా కాండం అడుగు భాగంలో. పశువు కడుపులో అది నైట్రైట్‌గా మారి రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి తెస్తుంది. ఆవు ఆయాసపడి తూలుతూ, చిగుళ్లు గోధుమ నీలి రంగుకు తిరిగితే ఆ మేతను వెంటనే ఆపి పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. దీనికి విరుగుడైన మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్‌ను పశువైద్యుడే ఇవ్వాలి. యూరియా వేసిన మూడు వారాల లోపు కోయకండి, వాడిపోయిన గడ్డిని నేల నుంచి జానెడు ఎత్తు వదిలి కోయండి, ఎండు చొప్ప కలిపి మేపండి. తొలకరి తర్వాత గొర్రెలను లేత గడ్డి మీదికి వదిలినప్పుడు చిటుకు రోగం (గొర్రెలు ఉన్నట్టుండి చనిపోయే జబ్బు) భయం కూడా ఉంటుంది కాబట్టి, వానలు పడక ముందే టీకా వేయించండి.