జూలై 1న క్లబ్బు బాధ్యత తీసుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఈ ఏడాది లయన్స్ క్లబ్బు ప్రెసిడెంటువి నువ్వేనని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. 1986 వరదప్పుడు నేను అదే క్లబ్బులో కొత్త సభ్యుణ్ణి. అప్పట్నుంచి చూసినవాటిలో నీకు పనికొచ్చేవి రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

మొదటి మీటింగులోనే అందరూ కంటి శిబిరం అంటారు. పెట్టాల్సిందే. 1925లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి, చూపులేనివాళ్లకు అండగా నిలబడమని అడిగింది. అప్పట్నుంచీ అది మన పని. కానీ జూలైలో మాత్రం పెట్టకు. అప్పుడు మన కోనసీమలో ఊడ్పులు నడుస్తుంటాయి. శుక్లాలున్న పెద్దాయన ఒక్కడే రాలేడు, వెంట కొడుకో కోడలో ఉండాలి. వాళ్లు కూలి పోగొట్టుకుని ఎలా వస్తారు? ఊడ్పులయ్యాక, కోతలు మొదలుకాకముందు పెట్టు. షుగరు, బీపీ శిబిరంలోనే చూపించు. షుగరు ఎక్కువుంటే ఆస్పత్రిలో ఆపరేషన్ చెయ్యకుండా పంపేస్తారు. అంత దూరం బస్సులో వెళ్లి ఊరికే తిరిగొచ్చిన మనిషి మళ్లీ మన మాట నమ్మడు.

అసలు పని ఆపరేషన్ తర్వాత ఉంటుంది. ఒకసారి ఓ మామ్మగారిని చూడ్డానికి పదో రోజున వాళ్లింటికి వెళ్లాను. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. చుక్కలు వేయించుకుంటున్నావా అంటే లోపలికెళ్లి గూట్లోంచి సీసా తెచ్చి చూపించింది. సీలు కూడా తియ్యలేదు. "ఎవరేస్తారు బాబూ, కోడలు తెల్లారకుండానే పనికెళ్లిపోద్ది" అంది. అద్దాలు తీసి చూస్తే కన్ను ఎర్రగా ఉంది. అప్పటికప్పుడు కారెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాం, కన్ను దక్కింది. అయితే మా రిజిస్టర్లో ఆవిడ పేరు పక్కన టిక్కు పెట్టేసి అప్పటికే వారమైంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కణ్ణుంచి ఒక్కో సభ్యుడికి పదేసి మందిని అప్పగించాం. మూడో రోజు, పదో రోజు, నెల తిరిగాక ఇంటికెళ్లి చూడాలి. చుక్కలు వేసేది ఎవరో శిబిరంలోనే అడిగి, ఆ మనిషి పేరు రాసుకోవాలి. ఇంట్లో ఎవరికీ కుదరకపోతే పక్కింటి చదువుకున్న పిల్లను అడగండి, కాదనరు.

నేత్రదానం సంగతి. మనిషి పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి. ఏడుస్తున్న భార్యనో కొడుకునో అడగొద్దు. బయట నిలబడి పనులు చూస్తున్న పెద్దమనిషి ఒకడుంటాడు, ఆయనతో మాట్లాడు. ఒప్పుకుంటే ముందు ఫ్యాను ఆపించి, రెప్పలు మూసి తడి దూది పెట్టించు, తల కింద దిండు పెట్టించు. కళ్లజోడు వాడేవాళ్లు, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఇవ్వొచ్చని చాలామందికి తెలియదు. అది అక్కడే చెప్పు.

ఇక వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటిదానికే కదలాలి. 2022 జూలైలో మూడోదీ దాటింది. పి.గన్నవరం వైపు ఏటి మధ్య లంకలకు పడవలో పులిహోర పొట్లాలు పట్టుకెళ్లాం. మాకంటే ముందు వెళ్లిన పడవలు కూడా అవే ఇచ్చాయి. మెరక మీద గేదెను కట్టుకుని కూర్చున్న ఒకావిడ మేమిచ్చిన పొట్లం విప్పి దాని ముందు పెట్టింది. అది వాసన చూసి మూతి తిప్పుకుంది. "మాకు పొద్దుటి నుంచి ఎవరో ఒకరు పెడతానే ఉన్నారు నాన్నా. దీనికి రెండ్రోజులుగా గడ్డిపరక లేదు" అంది. మర్నాడు రెండు ట్రాక్టర్ల ఎండుగడ్డి రేవుకు తెచ్చి పడవల్లోకి ఎక్కించాం. గడ్డివాములున్న రైతుల ఫోన్ నంబర్లు ఇప్పుడే రాసి పెట్టుకో. తాగునీళ్ల టిన్నులు, బరకాలు, కొవ్వొత్తులు, దోమల చక్రాలు, ఆడవాళ్లకు ప్యాడ్లు కూడా సిద్ధంగా ఉండాలి. సగం డబ్బు మాత్రం నీరు తీశాక ఖర్చు పెట్టడానికి ఆపు. 1996 నవంబరు తుపానప్పుడు కూడా అంతే, మొదటి వారం దాతలు వరసకట్టారు, ఆ తర్వాత అడిగే దిక్కు లేదు. ఇళ్లలో బురద ఎత్తుకోవాలన్నా, బావి తోడించుకోవాలన్నా మనిషి సాయం కావాల్సింది అప్పుడే.

డబ్బు దగ్గర మొహమాటపడకు. జనం దగ్గర వసూలు చేసింది ఒక ఖాతా, సభ్యుల చందా ఇంకో ఖాతా. ప్రమాణ స్వీకారం భోజనాలు, శాలువాలు, ఫ్లెక్సీలు మన చందాలోంచే.

ఇంకొకటి. మన శవపేటిక ఫ్రీజరు బాక్సు తాళం ఒక్కరి దగ్గరే ఉంటోంది. ఒక రాత్రి ఒక కుటుంబం రెండు గంటలు ఆయన ఇంటి ముందు ఎదురుచూసింది, ఆయన ఊళ్లో లేడు. చావు ఇంటివాళ్లను అలా నిలబెట్టకూడదురా. వెంటనే రెండో తాళం చేయించి మీ అమ్మ దగ్గర పెట్టు. మీ ఇల్లు సెంటర్లోనే కదా, ఆవిడ ఏ వేళ తలుపు కొట్టినా లేస్తుంది.

ఇట్లు,
మీ మావయ్య