బస్ టికెట్ ఫోటో పెట్టాలంట

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా పాపకి 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్, రోజూ బస్సులో అమలాపురం వెళ్ళొస్తుంది. ఈమధ్య అన్నం తింటున్నా సరే ఫోన్ మోగితే ఎంగిలి చేత్తోనే దొడ్లోకి పరిగెడుతుందండి. గట్టిగా అడిగితే ఏడ్చేసింది, ఎవరో అబ్బాయంట, బస్ ఎక్కగానే ఆడవాళ్ళకిచ్చే ఫ్రీ బస్సు జీరో టికెట్ ఫోటో తీసి పెట్టాలంట, ఇన్‌స్టా పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే ఉందంట. వాళ్ళ నాన్నగారికి తెలిస్తే చదువు మాన్పించి సంబంధాలు చూసేస్తారు. ఏం చెయ్యమంటారండి?
- ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, ఏడ్చుకుంటూ అయినా మీకే చెప్పింది కదా, అది చాలా పెద్ద విషయం, పోగొట్టుకోకండి. ఫోన్ లాక్కుని కాలేజీ మాన్పిస్తే ఈసారి ఏం జరిగినా మీ దాకా రాదు. "మీ ఇంట్లో చెప్పేస్తా" అని బెదిరించేవాళ్ళ ధైర్యమంతా ఆ భయం మీదే, ఇంట్లో తెలిసినా చదువు ఆగలేదంటే ఇంక వాడి దగ్గర ఏముంటుంది చెప్పండి. పెళ్ళి మాట అసలు ఎత్తొద్దు, 18 నిండకుండా చేస్తే 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం చేసిన పెద్దల మీదే కేసు.

వాడు మంచోడు కాదని మొదలుపెట్టారంటే పాప వాడి తరఫున వాదిస్తుంది. పక్కన కూర్చుని తలకి నూనె రాస్తూనో జడ వేస్తూనో "ఒకరోజు ఫోటో పెట్టకపోతే ఏమంటాడే?" అని అడిగి ఊరుకోండి. కాసేపు అలిగి మామూలైపోతాడా, బూతులు తిడతాడా, చెయ్యి కోసుకుంటానంటాడా, జవాబు తన నోటితోనే వస్తుంది. "నామీద ప్రేమ కాబట్టే కదమ్మా" అంటుంది, అనే తీరుతుంది, ఎందుకంటే హీరో వెంటపడితే చప్పట్లు కొట్టింది మనమే, మొగుడు గంటకోసారి ఎక్కడున్నావని ఫోన్ చేస్తే ఎంత ప్రేమో అని పిల్లల ముందు మురిసిపోయిందీ మనమే. కాదు అని చెప్పినా భయపడక్కర్లేనిదే ప్రేమని మనం ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడైనా చెప్పండి.

పాస్‌వర్డ్ ఈ రాత్రే ఇద్దరూ కూర్చుని మార్చండి, మిగతా ఫోన్లన్నిట్లోంచి లాగౌట్ కొట్టించండి. ఫోటోలేమైనా పంపావా అని గొంతు పెంచకుండా అడగండి. పంపిందంటే తిట్టొద్దు, ఛాట్ డిలీట్ చెయ్యొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, 24 గంటలూ ఎత్తుతారు. 18 లోపు పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకి 2012 పోక్సో చట్టం ఉంది, పాప ఒప్పుకునే పంపిందన్న మాట అక్కడ చెల్లదు. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికొచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు, పేరు పేపర్లో రాయకూడదు, పరువు భయంతో ఆగిపోకండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి, వద్దనుకున్నాక "చివరిసారి ఒక్కసారి కాలవ లాకుల దగ్గరికి రా, మాట్లాడుకుందాం" అంటాడు, ఒంటరిగా వెళ్ళకూడదు. బెదిరింపులు ఎక్కువయ్యేది అప్పుడే.

వాళ్ళ నాన్నగారికి చెప్పే భారం మీరొక్కరే పెట్టుకోకండి. మీ అన్నయ్యో తమ్ముడో చెబితే ఆయన వింటారనుకుంటే ముందురోజే వాళ్ళతో అంతా చెప్పి తోడు రమ్మనండి, ఆ మాటలు జరిగేటప్పుడు పాపని మాత్రం ఎదురుగా నిలబెట్టొద్దు.