కొడుకు ల్యాండ్‌లైన్లు పట్టుకుని కూర్చున్నాడని దిగులా?

అనంతపురం నుంచి ఒక నాయన రాసినారు. కొడుకు ఈసీఈ డిప్లొమా అయిపోయిందంట, హైదరాబాద్ పోయి ఏఐ కోర్సు చేయరా అంటే వినకుండా వాళ్ళ మామ లాడ్జిలో పాత కంప్యూటర్‌కి ఫోన్ లైన్ల కార్డు బిగించి రెండు ల్యాండ్‌లైన్లు ఆస్టరిస్క్‌కి, అంటే కంప్యూటర్‌నే ఫోన్ ఎక్స్ఛేంజ్ లాగ మార్చే సాఫ్ట్‌వేర్‌కి, కలుపుతాండాడంట. పోతాన్న ల్యాండ్‌లైన్ పని అన్నం పెడుతుందా, రెండిట్లో ఏది మేలో చెప్పండి అంటాండారు.

అన్నా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మీ భయం ల్యాండ్‌లైన్ గురించి కాదు, పక్కింటి పిల్లోడు ముందుకు పోతాడు మనోడు ఇక్కడే ఉండిపోతాడని.

మీరే రాసినారు, బయటోళ్ళు ఫోన్ పెట్టేసినా లైన్ ఎంగేజ్‌లోనే ఉండిపోతాందని రెండు రాత్రులు నిద్ర మానుకున్నాడని. మీకది తిక్క లాగ కనపడింది, నాకైతే భలే సంతోషమైంది. అనలాగ్ లైన్‌లో అవతలోళ్ళు పెట్టేసిన సంగతి చాలాసార్లు కార్డుకి తెలీదు, ఎక్స్ఛేంజ్ పంపే బిజీ టోన్ ఎంతసేపు మోగి ఎంతసేపు ఆగుతాందో లెక్క పెట్టి పట్టుకోవాల, మీవాడు చేస్తాండేది అదే. ఎక్స్ఛేంజ్ వైరు ఎఫ్ఎక్స్ఓ అనే పోర్టుకి, మామూలు ఫోన్ ఎఫ్ఎక్స్ఎస్ అనే పోర్టుకి పెట్టాల, తారుమారైతే పని జరగదు. కార్డు దాటినాక మాట సెకనుకి 8000 శాంపిళ్ళు, అంటే అంకెలు, అయిపోతాది, అక్కడ్నుంచి అంతా లినక్స్, నెట్‌వర్కింగే. రేపు రాగి వైరు పోయి సిప్ ట్రంక్ (నెట్ మీద వచ్చే ఫోన్ లైన్) వచ్చినా లోపలి డయల్ ప్లాన్ (ఏ కాల్ ఎటు పోవాలో రాసుకునేది), ఐవీఆర్ (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు), క్యూ (కాల్స్ వరుస) అట్లనే ఉంటాయి. అసలు ఆస్టరిస్క్ పుట్టిందే 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రోడు తన చిన్న కంపెనీకి ఫోన్ సిస్టమ్ కొనే డబ్బుల్లేక సొంతంగా రాసుకుంటే.

ఏఐ మీద నాకు కోపం లేదు, లెక్కలు గట్టిగా వచ్చి ఇష్టముంటే పోనీండి. కానీ మూడు నెలల్లో చేసేస్తామనే కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ, సర్టిఫికెట్ పట్టుకొచ్చిన పిల్లోళ్ళని నీ ప్రాజెక్టు ఏం చేస్తాది నాయనా అంటే నేల చూస్తాండారు. అప్పు చేసి ఇష్టం లేనోన్ని హాస్టల్లో పడేయడం ఏం పెంపకమన్నా? ఒకసారన్నా ఆ లాడ్జికి పోయి చూసినారా?

డిప్లొమా పిల్లోళ్ళు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరేదానికి రాసే ఈసెట్ సంగతి మీకు తెలిసిందే, రాయించండి. ఈలోపు లినక్స్, నెట్‌వర్కింగ్ గట్టిగా నేర్చుకోని, నెట్‌వర్క్‌లో పోయే డేటాని విప్పి చూపే వైర్‌షార్క్‌లో కాల్ ఎక్కడ తెగిందో చూపించగలిగితే కాల్ సెంటర్లకి, ఆస్పత్రులకి అట్లాంటోడు కావాల. మొదట్లో జీతం చిన్నదే, దానికి సిద్ధంగా ఉండండి.

గట్టిగా చెప్పాల్సింది ఒక్కటే. విదేశీ కాల్స్ నెట్‌లో తెచ్చి మీ లైన్ల మీద లోకల్ కాల్స్ లాగ వదిలితే నెలకింత ఇస్తామని ఎవరన్నా వస్తే గేటు దగ్గర్నుంచే పంపించేయమనండి, అది పోలీసు కేసు.