గ్రూపు మెయిల్ అందరికీ ఒకేసారి ఎందుకు రాదు?

ప్రశ్న: మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘానికి గూగుల్ గ్రూప్స్‌లో ఒక ఈమెయిల్ గ్రూపు ఉంది. 300 మందికి పైగా ఉన్నాం. మొన్న మీటింగ్ కబురు మా వియ్యంకుడి గారికి పొద్దున్నే వచ్చేసింది, నాకు మాత్రం భోజనాలయ్యాక వచ్చింది. ఒక్కోసారి జవాబు ముందొచ్చి అసలు మెయిల్ తర్వాత వస్తోంది. నేను పంపినవైతే నాకు రానే రావు. ఫోన్ మార్చాలంటారా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఫోన్ జోలికి వెళ్లకండి. మీరు గ్రూపు అడ్రస్‌కి పంపేది ఒక్క మెయిలే. గ్రూపు సర్వర్ దాన్ని తీసుకుని, సభ్యుల జాబితా చూసి, ఎవరి మెయిల్ కంపెనీకి వాళ్లది విడివిడిగా అందిస్తుంది. జీమెయిల్, యాహూ, పాత ఆఫీసు మెయిల్... అవతల ఉన్న సర్వర్‌ని బట్టి వేగం మారుతుంది.

ఆ అవతలి సర్వర్ ‘ఇప్పుడు కాదు’ అనొచ్చు. అప్పుడు మెయిల్ పోదు, పంపేవాళ్ల క్యూలో ఉంటుంది. ఈమెయిల్ నడిచే ఎస్‌ఎంటీపీ పద్ధతికి 2008లో వచ్చిన ప్రమాణం ప్రకారం, మళ్లీ ప్రయత్నించే ముందు కనీసం 30 నిమిషాలు ఆగడం మంచిది. నాలుగైదు రోజుల వరకూ ఆశ వదులుకోకూడదు. చాలా సర్వర్లు అంతసేపు ఆగవులెండి. మెయిల్ సర్వర్లు నడిపే పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మామూలు సెట్టింగుల్లో 5 నిమిషాలకే మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆపైన గ్యాప్ పెంచుకుంటూ గంట దాటిస్తుంది. ఈమెయిల్ క్షణాల్లో చేరాలని ఏ రూల్లోనూ లేదు. అలా చేరడం మనకు అలవాటైపోయింది, అంతే.

‘ఇప్పుడు కాదు’ అనడానికి కారణాలు చాలా. ఒకే చోటి నుంచి ఒక్కసారిగా ఎక్కువ మెయిళ్లొస్తే కొన్ని సర్వర్లు బ్రేకు వేస్తాయి. ఇంకొన్ని గ్రేలిస్టింగ్ చేస్తాయి. 2003లో ప్రచారంలోకి వచ్చిన కిటుకు ఇది. పరిచయం లేని చోటి నుంచి మెయిల్ వస్తే, కౌంటర్లో గుమాస్తా ‘కాసేపాగి రండి’ అన్నట్టు తిప్పి పంపుతారు. నిజంగా పనున్నవాడు మళ్లీ వస్తాడు, లక్షల్లో చెత్త పంపే స్పామర్‌కి అంత ఓపిక ఉండదని లెక్క. మంచి ఉపాయమే, కానీ ఆ ‘కాసేపు’ ఎంతన్నది పంపేవాళ్ల క్యూ చేతిలో ఉంటుంది.

మీ మెయిల్ ఎక్కడ ఆగిందో మీరే పట్టుకోవచ్చు. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. అందులో ‘రిసీవ్డ్’ అని మొదలయ్యే వరుసలను కింది నుంచి పైకి చదవాలి. దారిలో తగిలిన ఒక్కో సర్వర్ ఒక్కో వరుస రాస్తుంది. ఏ రెండింటి మధ్య గంటల తేడా ఉందో అక్కడే ఆగిందన్నమాట. టైమ్ జోన్ చూసుకోండి: 20:15 -0700 అని ఉంటే (అంటే గ్రీన్‌విచ్ సమయానికి 7 గంటలు వెనక; మనది +0530) మన లెక్కలో మర్నాడు ఉదయం 8:45. ఇది చూసుకోక అర రోజు ఆలస్యమని టెన్షన్ పడేవాళ్లు ఉంటారు.

గ్రూపు సర్వర్ దగ్గరే ఆగి, అందరికీ లేటుగా వస్తే మాత్రం సాంకేతిక కారణం కంటే ముందు మనుషుల్ని అనుమానించండి. గ్రూపు మెయిళ్లను చూసి వదిలే మోడరేటర్ ఆమోదించేదాకా మెయిల్ బయటికి కదలని సెట్టింగ్ ఉంటుంది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తే మెయిలూ తీస్తుంది! మీ ఒక్కరికే లేటైతే, గ్రూపులో మీ సబ్‌స్క్రిప్షన్ ‘డైజెస్ట్’లో ఉందేమో చూడండి. అలా ఉంటే 25 మెయిళ్ల దాకా కట్టగా కలిపి పంపుతారు. ‘ఈచ్ ఈమెయిల్’కి మార్చుకుంటే సరి.

జవాబు ముందు రావడానికి కారణం చిన్నదే. జవాబిచ్చినవాళ్లు ‘రిప్లై ఆల్’ నొక్కినప్పుడు గ్రూపుతో పాటు మీ సొంత అడ్రస్ కూడా అందులో ఉంటే, ఒక కాపీ గ్రూపుని తాకకుండా నేరుగా మీకు వచ్చేస్తుంది. అసలుది ఇంకా క్యూలోనే ఉంటుంది. రేపటి మీటింగ్‌కి ఇవాళ గ్రూపు మెయిల్ మాత్రమే పెట్టడం నా దృష్టిలో తెలివైన పని కాదు, నాలుగు ఫోన్లు కూడా చేసుకోండి.

ఇక మీరు పంపినవి మీకు రాకపోవడం. మీరు వాడేది జీమెయిలే అయితే అది లోపం కాదు. మీ మెయిల్ గ్రూపు నుంచి తిరిగొచ్చినప్పుడు ‘ఇది ఇప్పటికే సెంట్‌లో ఉంది కదా’ అని జీమెయిల్ దాన్ని ఇన్‌బాక్స్‌లో మళ్లీ చూపించదు. ఎవరైనా జవాబిచ్చాక ఆ సంభాషణతో పాటు పైకి వస్తుంది. అందరికీ వెళ్లిందో లేదో కావాలంటే గ్రూపు పేజీ తెరిచి చూడండి, లేదా వియ్యంకుడి గారినే అడగండి.