రాములవారి అర్ధణా విలువెంత?

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ అర్ధణా దొరికింది. ఒకవైపు సీతారామలక్ష్మణులు, కాళ్ల దగ్గర ఆంజనేయుడు ఉన్నారు. అమ్మితే ఎంత వస్తుంది?

ఇత్తడి ధర వస్తుంది. అడిగింది అదే కాబట్టి ముందే చెప్పేశాను. అది పూజ సామాన్ల కొట్లో, తిరనాళ్లలో, టూరిస్టులు తిరిగే చోట అమ్మే బిళ్ల. కంపెనీ టంకశాలలో ఎన్నడూ కొట్టలేదు. 1835లో దేశమంతటికీ ఒకే రకం నాణేలు తెచ్చినప్పుడు వచ్చిన అసలు రాగి అర్ధణా మీద, ఒకవైపు రెండు సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, రెండోవైపు ఆకుల దండ మధ్యలో ఇంగ్లీషులో 'హాఫ్ అణా' అని ఉంటాయి. తూకం 12.95 గ్రాములు. రాముడు లేడు, హనుమంతుడు లేడు. ఈ బిళ్లల మీద 1616 అని వేసినవీ చూశాను. 1616 నాటికి మద్రాసులో కంపెనీకి గజం నేల కూడా లేదు మహాప్రభో!

మా బాబాయి దగ్గరా ఇలాంటిదే ఒకటి ఉంది. తెనాలి దగ్గర పల్లెటూరు. పాత నాణేలు పోగేసే పిచ్చి నాకుందని చుట్టాలందరికీ తెలుసు కనుక ఒకరోజు ఫోన్ చేశాడు. "ఒరేయ్, తూకం మెషిన్ పట్టుకుని రా. ఎవరికీ చెప్పకు." వెళ్లేసరికి తలుపులు వేసేశాడు. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తీశాడు, అందులో పట్టుగుడ్డ, గుడ్డలో బిళ్ల. పసుపు పట్టి పట్టి అక్షరాలు పూడిపోయాయి. ఎవడో బ్రోకరు వచ్చి ఇది బియ్యాన్ని లాగే బిళ్ల అని, నాసా వాళ్లు కోట్లిచ్చి కొంటారని, ముందు టెస్టింగ్ కెమికల్ కోసం నలభై వేలు కట్టాలని చెప్పి వెళ్లాడట. రైస్ పుల్లింగ్ గోల మన రెండు రాష్ట్రాల్లో కొత్తదా? బియ్యానికి ఇనుపరజను పట్టిస్తారు, ఇంకోచోట అయస్కాంతం దాస్తారు, అంతే. ఎన్ని ముఠాలు దొరికినా, ఎన్నిసార్లు పేపర్లో పడినా, మనవాడికి మాత్రం తన బిళ్ల నిజమైనదే!

బిళ్ల అంచు వేలితో తడిమాను. చుట్టూ సన్నటి గీత తగిలింది. అచ్చులో పోత పోసిన సరుకుకి రెండు సగాలూ కలిసే చోట వచ్చే గీత అది. టంకశాలలో అచ్చుతో గట్టిగా కొట్టిన నాణేనికి అది ఉండదు, అక్షరం అంచులు పదునుగా లేస్తాయి. ఇక్కడ సీతమ్మ ముఖం అరిగిన సబ్బుబిళ్లలా ఉంది, కళ్లూ ముక్కూ కలిసిపోయాయి. ఆడవాళ్లు పూజ చేసి చేసి అరిగిందన్నాడు బాబాయి. వాడకంలో అరిగితే ఎత్తుగా ఉన్నచోట ముందు అరగాలి, ఇది గుంటల్లో కూడా నున్నగానే ఉంది.

కంపెనీ నాణేల మీద దేవుడే ఉండడని కొందరు ఖండితంగా రాస్తుంటారు, అదీ తప్పే. మద్రాసులో 1808 ప్రాంతంలో కొట్టిన వెండి అర వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు పద్మంలోంచి లేచే విష్ణుమూర్తి ఉంటాడు. దాని మీద తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి! ఇలాంటివి యూట్యూబ్ వాళ్లకు అక్కర్లేదు. 'ఈ నాణెం మీ ఇంట్లో ఉంటే లక్షాధికారులే' అని ఎర్ర బాణాలు గీసుకుంటూ కూర్చుంటారు. పాత నాణేలు కొంటామంటూ తమ పేరూ లోగో వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారు, నమ్మకండి అని రిజర్వు బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. దాన్ని ఎవరు చూశారు?

ఆ రోజు నాకు అసలు కడుపుమంట ఇంకోటి. పిన్ని చిల్లర డబ్బా అడిగి బోర్లించాను. కాణీలు, బేడలు, చిల్లుకాణీల అడుగున నల్లగా చిన్న బిళ్ల. వెలుతురులో తిప్పి చూస్తే తెలుగు అక్షరాలు, వాటి పక్కన తమిళం. మద్రాసు టంకశాల వెండి ఫణం, అంటే అప్పటి చిన్న నాణెం. రెండు వందల ఏళ్ల కిందట మన లిపిలో విలువ రాసి చలామణీ చేసిన డబ్బు! "అదా? పిల్లలు అష్టాచెమ్మా ఆడుకునేవాళ్లు" అంది పిన్ని. ఇత్తడికి పట్టుగుడ్డ, వెండికి తుప్పు డబ్బా. చింతపండు పెట్టి తోమబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. తోమిన నాణేన్ని తెలిసినవాడు సగం ధరకు కూడా అడగడు.

వెండి రూపాయల్లో కూడా నకళ్లు బోలెడు. తూకం 11.66 గ్రాములు ఉండాలి, అంటే సరిగ్గా పాతకాలపు తులం. మన పెద్దవాళ్లు బంగారం తూచడానికి రూపాయి బిళ్లే వేసేవాళ్లు. తెల్లలోహం నకలు చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. అసలుదైనా 1835, 1840, 1862 రూపాయలు అంత అరుదైనవేం కావు. మామూలుగా అరిగినదానికి వెండి ధర మీద కాస్త ఎక్కువ వస్తుంది, అంతే. 1840 అని ఉంటే ఆ ఏడే కొట్టారనీ కాదు, అదే తేదీతో ఏళ్ల తరబడి కొట్టారు.

బాబాయి నలభై వేలు కట్టలేదు. నన్ను నమ్మి కాదు, ఆ బ్రోకరు ఫోన్ ఎత్తడం మానేశాడు. బిళ్ల మళ్లీ భరిణెలోకి వెళ్లింది.

మీరు అమెరికాలో ఉండి అడుగుతుంటే ఒక మాట. నూరేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందకి వస్తాయి, కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప ఎవరూ దేశం దాటించకూడదు. మీ రాములవారికి ఆ టెన్షన్ లేదు, హాయిగా పట్టుకెళ్లి పూజలో పెట్టుకోండి. పెట్టెలో ఇంకా నల్లటి చిన్న బిళ్లలేమైనా ఉంటే మాత్రం తోమకుండా రెండువైపులా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. వాటి సంగతి చెప్తాను.