గ్రేజింగ్ టేబుల్ మీద క్రాకర్లు గంటలోనే మెత్తబడుతుంటే

గ్రేజింగ్ టేబుల్ అంటే చీజ్, పండ్లు, క్రాకర్లు లాంటివి పరిచి, అతిథులు తమంతట తామే తీసుకుని తినేలా పెట్టే బల్ల. క్రాకర్లు (కరకరలాడే పలుచని ఉప్పు బిస్కెట్లు) మెత్తబడటానికీ, చీజ్ చుట్టూ నీళ్లు చేరడానికీ కారణం బహుశా ఒకటే: కడిగిన పండ్ల తడి. క్రాకర్ల బ్రాండ్ మార్చినా ఇదే జరుగుతుంది.

చాలామంది వదిలేసే పని పండ్లను పూర్తిగా ఆరబెట్టడం. జల్లెడలో నీళ్లు ఓడిస్తే చాలదు. రెండు గంటల ముందే కడిగి, పొడి గుడ్డ మీద ఒకే వరుసగా పరచండి. ద్రాక్షకు కాడల దగ్గర నీళ్లు నిలిచిపోతాయి, అందుకే గుత్తిని చిన్నచిన్నవిగా కత్తిరించి, మధ్యలో ఒకసారి తిప్పండి. కోసిన ముక్కలైతే టిష్యూతో అద్దాలి. ఇది ఎంత విసుగనిపించినా మానొద్దు.

తర్వాత పేర్చే వరుస:

1. ముందు గిన్నెలు. డిప్‌లు (ముంచుకుని తినే చిక్కటి సాస్‌లు), ఆలివ్‌లు, తేనె వాటిలోనే ఉండాలి.
2. చీజ్. మెత్తటి రకాల కింద బేకింగ్ పేపర్.
3. పండ్లు, కూరగాయలు.
4. క్రాకర్లు, బ్రెడ్ అతిథులు రావడానికి పావుగంట ముందు. అదీ సగమే. మిగతావి గాలి చొరని డబ్బాలో ఉంచి, అయిపోయేకొద్దీ పెట్టండి.

పండ్లకూ క్రాకర్లకూ మధ్య బాదం, వాల్‌నట్ లాంటివి గట్టులా పోస్తే ఒకదానికొకటి తగలవు.

పార్టీ మూడు గంటలు సాగేదైతే ఇంకొకటి. చీజ్, మాంసం, కోసిన పండ్లు బయట 2 గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే 1 గంటే. పాత పళ్లెంలోనే కొత్తవి కలపకుండా, ఫ్రిజ్‌లో రెండో పళ్లెం సిద్ధంగా పెట్టుకుని మొత్తం మార్చేయండి.